పడి లేచే విద్య

పల్లెల్లో పిల్లలకు ఈత నేర్పే పద్ధతి ఒకటి తరతరాలుగా ఉన్నది. నేర్చుకొనే పిల్లవాని వీపునకు ఎండిన సొరకాయ బుర్రనో, బెండునో కట్టి దిగుడుబావిలోకి దింపుతారు. బెండు వానిని మునగనీయదు. అయితే వానికి బదులుగా అది ఈదదు. చేతులు ఆడించవలసినవాడు, ఊపిరి నిలుపుకోవలసినవాడు, భయాన్ని జయించవలసినవాడు ఆ పిల్లవాడే. రోజులు గడిచేకొద్దీ బెండును కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. చివరకు ఒకనాడు బెండు గట్టుమీదనే ఉండిపోతుంది. పిల్లవాడు నీటి నడుమ ఉంటాడు. ప్రమాదంతో కూడిన విద్యను ప్రమాదం లేకుండా ఆరంభింపజేసే వివేకమంతా ఈ చిన్న ఆచారంలో ఇమిడి ఉన్నది. నేటి యువతరం ఉత్సాహంతో చేపడుతున్న ఒక కొత్త విద్యకు ఈ పాత వివేకం ఎంతో అవసరం. ఆ విద్య ఎఫ్.పి.వి. డ్రోన్లను ఎగురవేయడం.

డ్రోన్ అనగానే పెళ్ళిపందిళ్ళ మీద నిశ్చలంగా నిలిచి ఫోటోలు తీసే యంత్రం చాలామందికి గుర్తుకు వస్తుంది. ఎఫ్.పి.వి. డ్రోన్ దానికి భిన్నమైనది. ఫస్ట్ పర్సన్ వ్యూ అనే మాటకు అది సంక్షిప్తరూపం; అంటే యంత్రం లోపల కూర్చున్నవాని చూపు అని అర్థం. డ్రోన్ ముందుభాగంలో అమర్చిన కెమెరా చూసే దృశ్యం అదే క్షణంలో, నేలమీద నిలబడినవాడు ధరించిన గాగుల్స్‌లో కనిపిస్తుంది. కాళ్ళు నేలమీదనే ఉన్నా, కన్నులు మాత్రం ఆకాశంలో విహరిస్తాయి. కొమ్మల సందుల నుండి దూసుకుపోవడం, గాలిలో పల్టీలు కొట్టడం, ద్వారాల వంటి చట్రాల గుండా పందెం వేసి పరుగెత్తడం ఈ విద్యలోని విశేషాలు. పక్షికి మాత్రమే దక్కిన చూపు మనిషికి దక్కడంలో గల ఆనందం మాటలకు అందనిది. యువతను ఈ విద్య ఆకర్షించడంలో ఆశ్చర్యమేమీ లేదు.

అయితే ఈ ఆనందం సులభంగా లభించదు. ఫోటోలు తీసే డ్రోన్ చాలావరకు తనను తానే నిలబెట్టుకుంటుంది. రిమోట్ మీది మీటలను వదిలివేస్తే, ఉపగ్రహ సంకేతాల సహాయంతో ఉన్నచోటనే ఆగిపోతుంది. ఎఫ్.పి.వి. డ్రోన్‌ను నిపుణులు నడిపే ఆక్రో అనే పద్ధతిలో అటువంటి సహాయమేదీ ఉండదు. కుడిచేతి మీటను ముందుకు నెట్టితే డ్రోన్ ముందుకు వంగుతుంది. మీటను నడుమకు తెచ్చినంత మాత్రాన అది తిరిగి నిటారు కాదు, వంగిన కోణంలోనే ఉండిపోతుంది. దానిని సరిచేయాలంటే మీటను వెనుకకు లాగాలి. ఎడమచేతి మీట ఒకవైపు మోటార్ల బలాన్ని పెంచుతూ తగ్గిస్తూ, మరొకవైపు డ్రోన్ ముఖాన్ని కుడి ఎడమలకు తిప్పుతుంది. ఈ నాలుగు కదలికలనూ రెండు బొటనవేళ్ళు ఏకకాలంలో, ఆలోచన కంటె వేగంగా సమన్వయం చేయవలసి ఉంటుంది. పుస్తకం చదివి ఈ నేర్పును పొందడం సాధ్యం కాదు. అది వేళ్ళకు అలవాటు కావాలి. అలవాటు కావాలంటే వందలసార్లు తప్పు చేయాలి.

ఇక్కడే అసలు సమస్య ఎదురవుతుంది. ఆకాశంలో చేసిన తప్పు నేలమీదకు దిగి వస్తుంది. ఎంతో ఆశతో విడిభాగాలను కొని, స్వయంగా టంకం వేసి, రాత్రులు మేలుకొని డ్రోన్‌ను నిర్మించుకున్న యువకుడు, దానిని తొలిసారి ఎగురవేసిన అరనిమిషంలోనే చెట్టుకో గోడకో కొట్టి ముక్కలు చేసుకోవడం ఈ రంగంలో తరచుగా జరిగే సంగతి. రెక్కలు విరిగితే తక్కువ ఖర్చుతో పోతుంది. చట్రం చేయి విరిగినా, మోటారు వంగినా, కెమెరా పగిలినా వేలరూపాయల నష్టం. లిథియం పాలిమర్ బ్యాటరీకి దెబ్బ తగిలితే మంటలు సైతం చెలరేగవచ్చు. ఆ నష్టంతో పాటు విద్యపై ఆసక్తి కూడా చాలామందిలో అడుగంటిపోతుంది. లోపం ఆ యువకుని శక్తిలో లేదు. అతడు ఎంచుకున్న వరుసలో ఉన్నది.

ఆ వరుసను సరిదిద్దేది సిమ్యులేటర్. ఇది కంప్యూటర్‌లో పనిచేసే ఒక అనుకరణ సాధనం. డ్రోన్ బరువు, మోటార్ల బలం, గాలి నిరోధం, భూమ్యాకర్షణ మొదలైనవాటిని గణితసూత్రాలతో లెక్కించి, నిజమైన డ్రోన్ ఎట్లా ప్రవర్తిస్తుందో అట్లాగే తెరమీద చూపుతుంది. లిఫ్టాఫ్, వెలాసిడ్రోన్ వంటివి ఈ కోవకు చెందినవే. ఆకాశంలో ఉపయోగించబోయే రిమోట్‌నే తీగ ద్వారా కంప్యూటర్‌కు కలిపి వీటిపై సాధన చేయవచ్చు. ఇందులో గమనించవలసిన మర్మమంతా ఆ రిమోట్‌లోనే ఉన్నది. కీబోర్డు మీద ఆడితే అది ఆట. రిమోట్ చేతబట్టి ఆడితే అది అభ్యాసం. కన్నులు చూసేది బొమ్మనే అయినా, వేళ్ళు నేర్చేది మాత్రం నిజమైన విద్యనే.

సిమ్యులేటర్ అంటే వీడియో గేమ్ అనీ, దాని ముందు కూర్చోవడం కాలాన్ని వృథా చేయడమనీ పెద్దలలో కొందరి అభిప్రాయం. పిల్లవాడు తెరముందు గంటలు గడపడం చూసిన తల్లిదండ్రులకు ఆ అనుమానం కలగడం సహజమే. కాని ఈ అనుమానం కొత్తది కాదు. విమానయాన చరిత్రలో ఇటువంటి అపోహ ఒకటి ఎంతటి మూల్యం చెల్లించిన తరువాత తొలగిపోయిందో తెలుసుకోవడం అవసరం.

అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ పట్టణంలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు ఉండేవాడు. అతని తండ్రికి పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. విమానం నడపడం నేర్చుకోవాలని తపించిన లింక్‌కు ఆ శిక్షణకయ్యే ఖర్చు పెద్ద అడ్డంకిగా తోచింది. ఆర్గాన్‌లో గాలిని నింపే తిత్తుల పనితనం అతనికి చిన్ననాటి నుండి తెలుసు. ఆ తిత్తులనే ఉపయోగించి, నేలమీదనే ఉండి విమానంలాగ వంగుతూ, లేస్తూ, తిరుగుతూ ఉండే ఒక చిన్న యంత్రాన్ని 1929 నాటికి రూపొందించాడు. విమానశిక్షణకు ఇది ఎంతగానో ఉపకరిస్తుందని అతడు చెప్పినా, ఆనాడు విన్నవారు తక్కువ. తొలినాళ్ళలో దానిని కొన్నవారిలో ఎక్కువమంది వినోదశాలల యజమానులు. నాణెం వేసి పిల్లలు ఎక్కి ఊగే ఆటవస్తువుగా ఆ యంత్రం జీవితం ఆరంభమైంది.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం విమానాల ద్వారా ఉత్తరాలు చేరవేసే బాధ్యతను ప్రైవేటు సంస్థల నుండి తప్పించి సైన్యానికి అప్పగించింది. మంచులో, చీకటిలో, కేవలం పరికరాలను చూసి విమానం నడపడంలో సైనిక వైమానికులకు తగిన అభ్యాసం లేదు. కొద్దివారాలలోనే వరుసగా ప్రమాదాలు జరిగి, దాదాపు పన్నెండుమంది వైమానికులు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు గాని సైన్యం దృష్టి లింక్ యంత్రంవైపు మరలలేదు. అదే సంవత్సరం ఆరు యంత్రాలను కొనుగోలు చేసింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో లక్షలాది వైమానికులు ఆ యంత్రంలో కూర్చొనే తొలిపాఠాలు నేర్చుకున్నారు. ఆటవస్తువు అని తోసిపుచ్చినదే ప్రాణరక్షకమైంది. నేడు పెద్ద ప్రయాణీకుల విమానాలు నడిపే పైలట్లు ఎంతటి అనుభవజ్ఞులైనా నియమితకాలంలో సిమ్యులేటర్‌లో మళ్ళీ మళ్ళీ పరీక్షకు నిలవవలసిందే. ఆకాశంలో ఇంజను ఆగిపోతే ఏమి చేయాలో నిజంగా ఇంజను ఆపి నేర్పడం కుదరదు కదా!

అభ్యాసానికి కావలసినది పునరావృత్తి. ఎఫ్.పి.వి. డ్రోన్ బ్యాటరీ ఒకటి సాధారణంగా నాలుగైదు నిమిషాలకు మించి రాదు. ఒక గంటసేపు ఎగురవేయాలంటే పన్నెండు నుండి పదిహేను బ్యాటరీలు కావాలి. వాటిని నింపడానికి గంటలు పడుతుంది. మైదానానికి వెళ్ళిరావడం, విరిగిన భాగాలను బాగుచేయడం దీనికి అదనం. సిమ్యులేటర్‌లో డ్రోన్ కూలిన మరుక్షణమే ఒక మీట నొక్కితే మళ్ళీ ఎగరడానికి సిద్ధమవుతుంది. మైదానంలో ఒక నెలలో చేయగలిగినన్ని ప్రయత్నాలు ఇంటిలో ఒక వారంలో చేయవచ్చు. 2017లో అమెరికాకు చెందిన డ్రోన్ రేసింగ్ లీగ్ సిమ్యులేటర్‌పైనే పోటీలు నిర్వహించి, విజేతకు నిజమైన పందేలలో పాల్గొనే ఒప్పందాన్ని బహుమతిగా ఇవ్వడం, తెరమీది నేర్పు ఆకాశంలో కూడా అక్కరకు వస్తుందన్న నమ్మకానికి నిదర్శనం.

అయినా, గట్టుమీద కూర్చుంటే ఈత రాదు అన్న మాటలో సత్యం లేకపోలేదు. సిమ్యులేటర్‌ను సమర్థించేవారు దాని పరిమితులను దాచిపెట్టడం న్యాయం కాదు. తెరమీది గాలి లెక్క ప్రకారం వీస్తుంది. నిజమైన గాలి ఏ లెక్కకూ లొంగదు. వేగంగా కిందికి దిగేటప్పుడు డ్రోన్ తన రెక్కలు కలచిన గాలిలోనే చిక్కి వణకడం, బ్యాటరీ తరుగుతున్నకొద్దీ బలం సన్నగిల్లడం, గోడ అడ్డురాగానే గాగుల్స్‌లోని దృశ్యం చెదరిపోవడం మైదానంలో ఎదురయ్యే అనుభవాలు. సిమ్యులేటర్లు వీటిలో కొన్నింటిని చూపినా, పూర్తిగా చూపలేవు. అన్నింటికంటె మించినది భయం. తెరమీద కూలినా పోయేది ఏమీ లేదని తెలిసిన మనస్సు నిబ్బరంగా ఉంటుంది. కష్టార్జితంతో నిర్మించుకున్న డ్రోన్ తొలిసారి పైకి లేచినప్పుడు చేతులు వణకని కొత్తవాడు అరుదు.

ఈ విషయంలో యంత్రాలు సైతం ఒక పాఠం చెబుతున్నాయి. స్విట్జర్లాండ్‌లోని జూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్విఫ్ట్ అనే కృత్రిమమేధను రూపొందించి, డ్రోన్ పందేలలో ముగ్గురు మానవ విజేతలతో పోటీకి నిలిపారు. మొత్తం 25 పందేలలో 15 పందేలు స్విఫ్ట్ గెలిచింది. 2023 ఆగస్టులో నేచర్ పత్రికలో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. స్విఫ్ట్ ప్రధానంగా శిక్షణ పొందినది సిమ్యులేటర్‌లోనే. కాని ఆ సిమ్యులేటర్‌కూ నిజమైన ఆకాశానికీ మధ్య ఉన్న అంతరాన్ని పూరించడానికి, నిజమైన డ్రోన్‌ను ఎగురవేసి సేకరించిన సమాచారాన్ని పరిశోధకులు దానికి జోడించవలసి వచ్చింది. పరిసరాలలో వెలుగు మారితే స్విఫ్ట్ తడబడే అవకాశం ఉన్నది, మనిషి సర్దుకోగలడు. యంత్రానికైనా, మనిషికైనా సిమ్యులేటర్ తొలిమెట్టు మాత్రమే, చివరిమెట్టు కాదు.

ఆ తొలిమెట్టును ఎక్కడంలో కూడ ఒక క్రమం ఉండాలి. మొదటిరోజే పల్టీలు కొట్టబూనడం ఓనమాలు రాకముందే కావ్యం చదవబూనడం వంటిది. ఒకే ఎత్తున నిలకడగా ఉంచడం, నిదానంగా ముందుకు పోయి ఆగడం, రెండు చెట్ల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిరగడం, అనుకున్నచోట దించడం అన్నవి తొలిపాఠాలు. ఒకేరోజు ఐదుగంటలు కూర్చొని విసిగిపోవడం కంటె, ప్రతిరోజూ అరగంట శ్రద్ధతో సాధన చేయడం మేలు. తెరమీది డ్రోన్‌ను కూడ నిజమైన డ్రోన్‌గానే భావించి నడపడం అన్నింటికంటె ముఖ్యం. కూలినా నష్టంలేదు కదా అని నిర్లక్ష్యంగా నడిపేవాని వేళ్ళు నిర్లక్ష్యాన్నే నేర్చుకుంటాయి. ఆ నిర్లక్ష్యం ఆకాశానికి వెళ్ళిన తరువాత కూడా వానిని వదలిపెట్టదు.

సిమ్యులేటర్ నేర్పని పాఠాలు మరికొన్ని ఉన్నాయి. బల్లమీద పనిచేసేటప్పుడు రెక్కలు విప్పివేయడం, బ్యాటరీని కనిపెట్టి ఉండి నింపడం, సంకేతాలు తెగిపోతే డ్రోన్ ఏమి చేస్తుందో ముందుగానే పరీక్షించి చూడటం గురువు ద్వారానో, అనుభవజ్ఞుల ద్వారానో నేర్వదగినవి. గాగుల్స్ ధరించినవానికి తన పక్కన ఏమున్నదో కనిపించదు. కనుక డ్రోన్‌ను, పరిసరాలను కనిపెట్టి ఉండే తోడు ఒకరు పక్కన నిలబడి ఉండాలి. నిర్జనమైన మైదానాన్ని ఎన్నుకోవాలి.

ఈ జాగ్రత్తలన్నీ డ్రోన్‌ను కాపాడుకోవడానికే అనుకుంటే పొరపాటు. ఇక్కడ అసలు కాపాడవలసినది ఇతరులను. ఒక సాధారణ పందెపు డ్రోన్ బ్యాటరీతో కలిపి దాదాపు 700 గ్రాములు తూగుతుంది. గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగాన్ని అందుకోగలదు. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు లెక్కించి చూడవచ్చు. సెకనుకు 30 మీటర్ల వేగంతో పోయే 700 గ్రాముల వస్తువు గతిశక్తి 315 జౌళ్ళు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో ఫాస్ట్ బౌలర్ విసిరిన 160 గ్రాముల క్రికెట్ బంతి గతిశక్తి సుమారు 121 జౌళ్ళు మాత్రమే. అంటే అదుపు తప్పిన డ్రోన్‌లో అటువంటి బంతికి రెండున్నర రెట్ల శక్తి ఉంటుంది. పైగా దానికి తిరిగే రెక్కలున్నాయి. బంతిని ఎదుర్కొనే ఆటగాడు హెల్మెట్ ధరించి సిద్ధంగా నిలబడతాడు. డాబామీద బట్టలు ఆరవేసుకుంటున్న ఇల్లాలికి, వీధిలో ఆడుకుంటున్న పసివానికి ఆ రక్షణ లేదు. ఆ ఆటలో పాల్గొంటామని వారు ఒప్పుకోనూ లేదు.

2021లో భారతప్రభుత్వం వెలువరించిన డ్రోన్ నియమాలు 250 గ్రాముల లోపువాటిని నానో అనీ, అంతకు పైబడి రెండు కిలోల వరకు తూగేవాటిని మైక్రో అనీ విభజించాయి. నానో డ్రోన్లకు, వ్యాపారేతరంగా ఎగురవేసే మైక్రో డ్రోన్లకు పైలట్ ధ్రువపత్రం అవసరం లేదని ఆ నియమాలు పేర్కొన్నాయి. ఎక్కడ ఎగురవేయవచ్చునో, ఎక్కడ కూడదో తెలిపే హద్దులను మాత్రం అందరూ పాటించవలసిందే. వినోదం కోసం ఎగురవేసే ఎఫ్.పి.వి. డ్రోన్లలో చాలావరకు మైక్రో తరగతిలోనివే. అంటే యువకుని నేర్పును పరీక్షించే బాధ్యతను చట్టం అతని మనస్సాక్షికే విడిచిపెట్టింది. పరీక్షాధికారి లేనిచోట అభ్యర్థి తనకు తానే పరీక్ష పెట్టుకోవాలి. ‘నా చేతిలో ఈ యంత్రం ఇతరులకు క్షేమమేనా?’ అన్న ప్రశ్నకు నిజాయితీగా సమాధానం చెప్పుకోగలిగే చోటు సిమ్యులేటర్. తెరమీద పదిసార్లలో మూడుసార్లు కూలుస్తున్నవాడు ఆకాశానికి ఇంకా అర్హుడు కాడు. ఈ దృష్టితో చూస్తే సిమ్యులేటర్‌పై సాధన చేయడం పొదుపు మార్గం మాత్రమే కాదు, అది పౌరధర్మం.

డ్రోన్ విద్య కేవలం వినోదానికి పరిమితమైనది కూడా కాదు. 2021లో తెలంగాణలోని వికారాబాదులో మందులను డ్రోన్ల ద్వారా చేరవేసే ప్రయోగం జరిగింది. 2024 సెప్టెంబరులో విజయవాడను వరదలు ముంచెత్తినప్పుడు నీటి నడుమ చిక్కుకున్నవారికి డ్రోన్లు ఆహారాన్ని అందించాయి. పొలాలపై మందు చల్లే డ్రోన్లను నడపడంలో గ్రామీణ మహిళలు శిక్షణ పొందుతున్నారు. ఆ డ్రోన్లు ఎఫ్.పి.వి. డ్రోన్ల వంటివి కాకపోయినా, యంత్రాన్ని చేతివేళ్ళతో అర్థం చేసుకున్నవానికి ఈ రంగంలోని ఏ ద్వారమైనా సులభంగా తెరుచుకుంటుంది.

అయితే ఈ ద్వారం డబ్బున్నవారికే తెరుచుకోవడం తగదు. డ్రోన్‌ను కూల్చుకొని మళ్ళీ కొనుక్కోగలిగిన స్తోమత అందరికీ ఉండదు. కూలీ పని చేసుకొనే తండ్రి కొడుకుకు మొదటి డ్రోన్ కొనివ్వడమే గగనం. రెండవది కలలోని మాట. అటువంటి విద్యార్థికే సిమ్యులేటర్ అవసరం అందరికంటె ఎక్కువ. ఇంటిలో కంప్యూటర్ లేనివారు అనేకులు. కళాశాల ప్రయోగశాలలో ఒక కంప్యూటర్, ఒక రిమోట్, ఒక సిమ్యులేటర్ ఏర్పాటు చేస్తే, వంతులవారీగా ఎందరో విద్యార్థులు సాధన చేయవచ్చు. ఒక డ్రోన్ కొనే ఖర్చుతో ఒక తరగతి మొత్తానికి తొలిపాఠాలు నేర్పవచ్చు. భౌతికశాస్త్రంలో బలాలు, గణితంలో కోణాలు వారికి పుస్తకంలోని మాటలుగా కాక వేళ్ళ కొసలలోని అనుభవంగా పరిచయమవుతాయి.

సిమ్యులేటర్ విద్యార్థికి ఇచ్చే కానుకలలో అన్నింటికంటె విలువైనది తప్పు చేసే స్వేచ్ఛ. నేటి చదువులో తప్పు అంటే మార్కులు పోవడం. మార్కులు పోవడం అంటే తలవంపు. అందువల్ల చాలామంది విద్యార్థులు తప్పు చేయకుండా ఉండటానికి, అసలు ప్రయత్నమే చేయకుండా ఉండిపోతారు. సిమ్యులేటర్ ముందు కూర్చున్న విద్యార్థి ఒక గంటలో వందసార్లు కూలుతాడు. ఎవరూ నవ్వరు, ఎవరూ మందలించరు. నూటఒకటవసారి ఎందుకు కూలలేదో అతనికి తెలుస్తుంది. ఆ తెలివి ఎవరో చెప్పగా వచ్చినది కాదు కనుక అతడు దానిని మరచిపోడు. పలక మీద దిద్దిన అక్షరాన్ని తుడిచి మళ్ళీ రాసినట్లు, తన తప్పును తానే తుడిచి మళ్ళీ ఎగరడం నేర్చుకున్నవాడు జీవితంలోని ఇతర వైఫల్యాలను కూడా అదే ధైర్యంతో ఎదుర్కోగలడు. అయితే తుడవడానికి వీలైన తప్పులేవో, వీలుకాని తప్పులేవో తెలిసి ఉండటమే అసలైన విద్య. పలక మీద తప్పు చేయడానికి ఎంతైనా స్వేచ్ఛ ఉన్నది. సాటిమనిషి శిరస్సు మీద తప్పు చేయడానికి ఎవరికీ హక్కు లేదు.

ఈత నేర్చిన పిల్లవాడు బెండును చూసి సిగ్గుపడడు. దానిని జీవితాంతం వీపున మోయడు కూడా. తన తరువాత నేర్చుకోబోయే మరొక పిల్లవాని కోసం దానిని గట్టుమీద భద్రంగా ఉంచుతాడు. ఆకాశాన్ని చేరాలని ఆశపడే యువతరం సిమ్యులేటర్‌ను అట్లాగే స్వీకరించాలి. తగినన్నిసార్లు తెరమీద పడి లేచినవాడు, ఒక ప్రశాంతమైన ఉదయాన, మనుషులు తిరగని మైదానంలో, పక్కన ఒక తోడును నిలుపుకొని తన డ్రోన్‌ను పైకి లేపినప్పుడు, అతని వేళ్ళు వణకినా దారి తప్పవు.